సెల్ఫ్ పార్కింగ్ నాలుగేళ్లు వాడాక: కొన్నది ఒకదానికి, పనికొచ్చింది ఇంకోదానికి

అదనంగా డబ్బు కట్టి, కారు దానంతట అదే పార్క్ అయ్యే ఈ ఫీచర్ తీసుకున్నప్పుడు నా దృష్టంతా రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య దూర్చి పెట్టే పార్కింగ్ మీదే. నాలుగేళ్లలో దాన్ని పట్టుమని ఇరవై సార్లు వాడానో లేదో. రోజూ వాడేది మాత్రం, కొనేటప్పుడు నేను సరిగ్గా పట్టించుకోని రిమోట్ పార్కింగ్. కారు దిగి బయట నిలబడి, ఫోన్‌తో కారును లోపలికి పంపడం, మళ్లీ బయటికి పిలవడం.

మా పార్కింగ్ స్థలానికి ఒకవైపు పిల్లర్, రెండోవైపు గోడ. పాత కారు ఉన్నప్పుడు డ్రైవర్ వైపు తలుపు జానెడు తెరుచుకునేది, పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి దిగాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి నేను కారు బయటికి తీసేదాకా ఆమె చేతికర్ర పట్టుకుని దారిలో నిలబడేది, వెనక ఇంకో కారు వస్తే హడావిడి. ఇప్పుడు నేను ఆమె పక్కనే నిలబడి స్క్రీన్ మీద వేలు పెడతాను, కారు దానంతట అది వెనక్కి వచ్చి ఆగుతుంది, తలుపు పూర్తిగా తీసి కూర్చోబెడతాను. మొదటి రోజు అమ్మ ఖాళీ సీటు వైపు రెండుసార్లు చూసి, "లోపల ఎవరూ లేరు కదరా!" అంది. ఆ ఒక్క మాటకే పెట్టిన డబ్బు వచ్చేసిందనిపించింది.

వేలు తీస్తే కారు ఆగిపోతుంది, మనం ఆరు మీటర్ల లోపే ఉండాలి. ఈ రెండూ భద్రత కోసమే, వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఫోన్‌తోనే. ఒకరోజు ఉదయం ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కి బయల్దేరాం. కారు సగం బయటికి వచ్చాక ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆఫ్ అయింది. కారు అక్కడే పార్క్ గేర్‌లో పడి బిగుసుకుపోయింది, తోసినా కదలదు. ముందు తలుపులు ఇంకా పిల్లర్‌కీ గోడకీ మధ్యే ఉన్నాయి, దారికి అడ్డంగా మా డిక్కీ, దాని వెనక రెండు కార్లు, ఒకాయన ఆపకుండా హారన్. అదృష్టం కొద్దీ వెనక తలుపు కాస్త తెరుచుకుంది. అందులోంచి దూరి, రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి పాకి, స్టార్ట్ చేశాను. అంతసేపూ అమ్మ నిలబడే ఉంది. 2015లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌లో రిమోట్ పార్కింగ్ వచ్చినప్పుడు దాన్ని నడిపించే స్క్రీన్ కారు తాళంచెవిలోనే ఉండేది, నా మటుకు నాకు ఆ పద్ధతే నయం.

ఇక రోడ్డు పక్క పార్కింగ్. మొదటి నెలలో కనపడిన ప్రతివాళ్లకీ "ఇక రివర్స్ టెన్షన్ లేదు" అని చెప్పాను, అది కొంచెం ఎక్కువే చెప్పాను. నా కారుకి దాని పొడవు మీద ఇంచుమించు ఒక మీటరు అదనంగా ఖాళీ ఉంటే తప్ప ఆ చోటు ఆనదు, అది వెతుక్కునే లోపు వెనక ట్రాఫిక్ ఊరుకోదు. పైగా బంపర్లలోని అల్ట్రాసోనిక్ సెన్సర్లకి (శబ్ద తరంగాలతో దూరం కొలిచేవి) గోడ, పక్క కారు బాగానే తెలుస్తాయి కానీ పొట్టి అంచురాళ్లు, సన్నటి గొలుసులు ఒక్కోసారి తెలియవు. ఒకసారి బ్రేక్ మీద కాలు వేసేలోపే కర్రుమని శబ్దం వచ్చింది. కుడి వెనక చక్రం అల్లాయ్ మీద చిటికెన వేలంత గీత ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి రోడ్డు మీద 360 డిగ్రీల కెమెరా చూసుకుంటూ నేనే పెడుతున్నాను.

ఇదంతా మా ఇరుకు స్థలం, అమ్మ మోకాళ్లు చూసుకుని చెబుతున్న మాట. మా స్థలం ఇంకో రెండు అడుగుల వెడల్పుంటే కెమెరాతో సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడైతే మళ్లీ కొన్నా రిమోట్ పార్కింగ్ ఉన్నదే కొంటాను, కాకపోతే అది తాళంచెవితో నడుస్తుందా, ఫోన్‌తోనేనా అని ముందే అడుగుతాను. మీరు కూడా టెస్ట్ డ్రైవ్‌కి వచ్చిన కారును షోరూమ్ ముందు కాకుండా మీరు రోజూ పెట్టే చోటికే తీసుకెళ్లి, ఒకసారి లోపలికి పంపి బయటికి పిలిచి చూడండి.