సైనికులకు అన్నం పెట్టే వేసవి: హాస్పిటాలిటీ హౌసా, యూఎస్ఓనా, గార్మిష్ హోటలా?

మా మేనకోడలు డాలస్‌లో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి, "అత్తా, వచ్చే వేసవి జర్మనీ వెళ్ళి అక్కడున్న మన సైనికులకు ఏదైనా సేవ చేద్దామనుకుంటున్నా. నువ్వు చేశావుగా, ఏది మేలో చెప్పు" అంది. హాస్పిటాలిటీ హౌస్, యూఎస్ఓ, గార్మిష్ హోటల్ అని మూడు చోట్ల పేర్లు వరసగా చదివింది. వాటిలో రెండింట్లో నేను పనిచేశాను, మూడోదాంట్లో నా స్నేహితురాలు చేసింది. ఫోన్‌లో ఏదో చెప్పాను గానీ మనసు నిండలేదు. ఇలాంటి ఆలోచన ఉన్న మిగతా పిల్లలకూ, వాళ్ళను పంపాలా వద్దా అని మథనపడే అమ్మానాన్నలకూ పనికొస్తుందని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ సైనికులెవరో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళయినా అమెరికా సైన్యం జర్మనీ వదలలేదు. పడమట కైజర్స్‌లౌటర్న్ చుట్టుపక్కలే సైనికులు, వాళ్ళ కుటుంబాలు, ఉద్యోగులు కలిసి దాదాపు 50,000 మంది అమెరికన్లు ఉంటారు. అమెరికా బయట ఇంత పెద్ద అమెరికన్ బస్తీ ఇంకెక్కడా లేదు. తూర్పున బవేరియాలో గ్రాఫెన్‌వేర్, ఫిల్సెక్ సైనిక స్థావరాలు ఉన్నాయి. గ్రాఫెన్‌వేర్‌లో ఫైరింగ్ మొదలైతే చుట్టుపక్కల ఊళ్ళలో కిటికీ అద్దాలు గలగలమంటాయి. 1958 చలికాలంలో ఎల్విస్ ప్రెస్లీ కూడా మామూలు సిపాయిగా అక్కడ శిక్షణ పొందాడు.

సైనికుడు అనగానే మనకు బలమైన మగాడు కళ్ళముందు నిలబడతాడు. దగ్గరగా చూస్తే పందొమ్మిదేళ్ళ కుర్రాడు. ఇల్లు వదిలి ఏడాది కూడా కాలేదు. బ్యారక్స్‌లో ఇంకొకడితో కలిసి ఒక గది. కారు లేదు, జర్మన్ రాదు. శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగితే సోమవారం పొద్దుటి దాకా ఏం చేయాలో తోచదు. ఆదివారం ఊళ్ళో దుకాణాలన్నీ మూసేస్తారు. అమెరికాలో 21 నిండేదాకా ముట్టుకోనివ్వని మందు, ఇక్కడ బీరైతే 16 ఏళ్ళకే చట్టం ఒప్పుకుంటుంది. శుక్రవారం రాత్రి ఆ కుర్రాడు ఎటు వెళ్తాడో ఊహించడం కష్టం కాదు. నేను చెప్పబోయే మూడు చోట్లూ ఆ ఖాళీ గంటల కోసం పుట్టినవే. కానీ మూడూ ఒకటి కాదు.

హాస్పిటాలిటీ హౌస్ అంటే బేస్ గేటుకు దగ్గర్లో, జర్మన్ ఊళ్ళో అద్దెకు తీసుకున్న మామూలు ఇల్లు. ఒక మిషనరీ జంట అందులో కాపురం ఉంటుంది. వారంలో ఒకటి రెండు రాత్రులు సైనికులకు భోజనం పెట్టి, తర్వాత బైబిలు వాక్యం చదువుతారు. మిగతా రోజుల్లో కూడా తలుపు తీసే ఉంటుంది. కేడెన్స్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు ఇలాంటి ఇళ్ళు నడుపుతాయి. వేసవిలో ఒకరిద్దరు కాలేజీ పిల్లల్ని సహాయానికి తీసుకునే ఇళ్ళుంటాయి. 2015లో ఫిల్సెక్ దగ్గరి ఒక ఇంట్లో నేను అలా పది వారాలు ఉన్నాను.

పనేమిటంటే, మన చర్చి సంఘాల్లో అందరూ కలిసి తినే ప్రేమవిందు రోజు ఆడవాళ్ళు చేసే పనే, ప్రతి వారం. కూరగాయలు తరగడం, ముప్పై మందికి వండటం, బల్లలు వేయడం, గిన్నెలు తోమడం, మర్నాడు బాత్రూములు కడగడం. నేను మూడు కిలోల బియ్యం వండి, కారం తగ్గించి చికెన్ కూర చేస్తే గిన్నె అడుగు గీకి తిన్నారు. రెండో వారం నుంచి వాళ్ళే తగ్గించవద్దన్నారు.

ఎల్ పాసో నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. ప్రతి శుక్రవారం సరిగ్గా ఎనిమిదింటికి, భోజనం మధ్యలో లేచి పెరటి మెట్ల మీదికి వెళ్ళిపోయేవాడు. మొదటి రెండు వారాలు సిగరెట్టుకేమో అనుకున్నాను. మూడోసారి చెత్త పారేయడానికి వెళ్తే స్పానిష్‌లో మెల్లగా మాట్లాడుతున్నాడు. వాళ్ళమ్మ ఒక లాండ్రీలో పనిచేస్తుందట. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఆమెకు దొరికే అరగంట లంచ్ టైం. బ్యారక్స్ గదిలో రూమ్మేట్ వీడియో గేమ్ మోత. వాళ్ళమ్మతో నెమ్మదిగా మాట్లాడుకోవడానికి అతనికి దొరికిన చోటు మా పెరటి మెట్లు.

అప్పటి నుంచి ఏడున్నరకే అతని వాటా వడ్డించి, పైన ఇంకో ప్లేటు బోర్లించి ఓవెన్ పక్కన పెట్టేదాన్ని. ఎనిమిదిన్నరకు లోపలికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తిని, సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోమేవాడు. ఆరో వారం ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. వీడియోలో వాళ్ళమ్మ తన లంచ్ డబ్బా ఎత్తి చూపించింది. అందులో అన్నం, ఏవో గింజల కూర. నేను అతని ప్లేటు మీద మూత తీసి చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. బవేరియాలో వేసవిలో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులో ఫోన్ తెర మీద ఆమె ముఖం ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే.

ఇలాంటిది జరగాలంటే అదే మనిషి అదే బల్ల దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. హౌస్‌కున్న బలం అదే.

కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. నేనున్న ఇంట్లో మొదటి మూడు వారాలు నాకు ఒక్కరోజు కూడా సెలవు లేదు. వాళ్ళది చెడ్డ బుద్ధి కాదు, వాళ్ళూ సెలవు తీసుకోలేదు. కానీ నాలుగో సోమవారం పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను. అడిగితే బుధవారాలు ఇచ్చారు. వెళ్ళేవాళ్ళు ఈ సంగతి ముందే అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోవాలి. జీతం ఉండదు, విమానం టికెట్టు, తిండి ఖర్చు మనమే సమకూర్చుకోవాలి. నాకైతే హ్యూస్టన్‌లో మా తెలుగు సంఘం చందా వేసి పంపింది.

అమ్మానాన్నలకు అసలు టెన్షన్ వేరే ఉంటుంది. ఇంటినిండా కుర్రాళ్ళు, అందులో మన అమ్మాయి. మా ఇంట్లో ఆడపిల్లల గదులు పై అంతస్తులో ఉండేవి, సైనికులెవరూ మెట్లెక్కకూడదు. ఆ పది వారాలూ ఎవరితోనూ ప్రేమ వ్యవహారం పెట్టుకోకూడదని వెళ్ళకముందే సంతకం పెట్టించుకున్నారు. ఇలాంటి నియమం లేని ఇంటికి నేనైతే నా పిల్లను పంపను. ఇంకో నియమం అక్కడికెళ్ళాక తెలిసింది: యూనిట్ ఎప్పుడు, ఎక్కడికి కదులుతుందో అడగకూడదు. ఛాతీ మీద పేరున్న యూనిఫాంతో ఎవరి ఫొటో కూడా ఎక్కడా పెట్టకూడదు.

ఇంకో మాట. ఆ ఇల్లు క్రీస్తు పేరు మీద నడిచే ఇల్లు. ప్రార్థన, వాక్యం అందులో విడదీయలేని భాగం. విశ్వాసం లేనివాళ్ళు జర్మనీ చూడొచ్చని అందులో చేరితే, మూడో రోజుకే వాళ్ళకీ ఇబ్బంది, ఆ ఇంటివాళ్ళకీ ఇబ్బంది. మాది గుంటూరు లూథరన్ క్రైస్తవ కుటుంబం. 1842లో గుంటూరు వచ్చి మా సంఘానికి పునాది వేసిన మిషనరీ ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. నేను వెళ్తున్నానని తెలిసి మా నాయనమ్మ, "పాత బాకీ తీర్చడానికి వెళ్తున్నావన్నమాట" అంది. ఆ మాట పట్టుకునే చాలా గిన్నెలు తోమాను.

ఇక యూఎస్ఓ, అంటే అమెరికా సైనికులకు విశ్రాంతి కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థ. 1941 ఫిబ్రవరి 4న, అమెరికా ఇంకా యుద్ధంలో దిగకముందే, ఆరు సేవాసంస్థలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. వాటిలో ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు, యూదులు అందరూ ఉన్నారు. అందుకే ఇక్కడ మతం ప్రసక్తి ఉండదు, ఎవరైనా చేయొచ్చు. మావారి ఉద్యోగం వల్ల 2018 నుంచి మూడేళ్ళు కైజర్స్‌లౌటర్న్‌లో ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు షిఫ్టులు చేశాను. కాఫీ కలపడం, బిస్కట్లు సర్దడం, ఛార్జర్ వెతికివ్వడం, నిద్రపోతున్నవాడిని విమానం టైముకు లేపడం. చిన్న పనులే, అయినా వాటి విలువ చిన్నది కాదు. అక్కడి అమెరికా వైమానిక స్థావరం రామ్‌స్టైన్ టెర్మినల్‌లో విమానం ఆలస్యమై నేల మీదే నడుం వాల్చినవాళ్ళను అడిగితే తెలుస్తుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో గాయపడ్డవాళ్ళను అదే రామ్‌స్టైన్‌లో దించి పక్కనే ఉన్న లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన పెద్దావిడ ఒకరు, గాయాలతో వచ్చిన పిల్లలు అన్నిటికన్నా ముందు అడిగేది శుభ్రమైన సాక్సులని నాతో చెప్పారు.

అయితే ఒకటి. మూడేళ్ళలో నేను కొన్ని వందల మందికి కాఫీ ఇచ్చి ఉంటాను. వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. కప్పు చల్లారకముందే వాళ్ళ విమానానికి పిలుపు వచ్చేది. దాన్ని నేను లోపం అనను, దారిలో ఉన్నవాళ్ళకు చేసే సేవ అలాగే ఉంటుంది. వారానికి నాలుగు గంటలు ఇవ్వగలిగినవాళ్ళకు, చిన్నపిల్లల తల్లులకు, రిటైరైనవాళ్ళకు హౌస్ కన్నా యూఎస్ఓనే మేలు. ఒళ్ళు హూనం కాదు, ఇంటి పనులూ ఆగవు.

కానీ మా మేనకోడలి లాంటి పిల్లకు ఇందులో పెద్ద చిక్కుంది. ఈ కేంద్రాలు చాలావరకు బేస్ లోపల ఉంటాయి. లోపలికి వెళ్ళాలంటే బేస్ ప్రవేశ కార్డు ఉండాలి. నాకు మావారి ఉద్యోగం వల్ల వచ్చింది. డాలస్ నుంచి ఒంటరిగా వచ్చే అమ్మాయికి ఆ కార్డు ఎక్కడి నుంచి వస్తుంది? హౌస్ అయితే గేటు బయటే ఉంటుంది, కార్డుతో పనిలేదు.

గార్మిష్ ఊళ్ళోని హోటల్ సంగతి ఎక్కువ చెప్పను. ఆల్ప్స్ కొండల కింద, 2,962 మీటర్ల ట్సుగ్‌ష్పిట్సె శిఖరం కనబడేంత దగ్గర్లో అమెరికా రక్షణ శాఖ వాళ్ళ రిసార్టు ఉంది, పేరు ఎడెల్‌వైస్. 2004లో తెరిచారు. లీవు మీద వచ్చే సైనికులు, వాళ్ళ కుటుంబాలు అక్కడ దిగుతారు. అమెరికా పౌరులను జీతానికి పెట్టుకుంటారు. నా స్నేహితురాలు అక్కడ రెస్టారెంటులో చేసింది. డబ్బు కూడబెట్టుకుంది, సెలవు రోజుల్లో కొండలెక్కింది, సంతోషంగా తిరిగొచ్చింది. కాలేజీ ఫీజుకు డబ్బు కావాల్సిన పిల్లలు ఏ సంకోచం లేకుండా అక్కడికే వెళ్ళొచ్చు. కాకపోతే వచ్చేవాళ్ళు అక్కడ గెస్టులు, మనం ఉద్యోగులం. ఒప్పందం ఎన్ని నెలలకో కూడా చూసుకోవాలి, ఒక్క వేసవికి కుదరకపోవచ్చు.

మూడింటికీ కాగితాల గొడవ ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ దేశాల్లో, అంటే జర్మనీతో సహా ఒకే వీసా పద్ధతి ఉన్న యూరప్ దేశాల్లో, 180 రోజుల్లో 90 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు, పది వారాలంటే డెబ్భై రోజులే. అయినా మనం చేసేది ఏ కోవలోకి వస్తుందో ఆ సంస్థ చేత ఉత్తరం రాయించుకుని చేతిలో ఉంచుకోవాలి, ఇమిగ్రేషన్ దగ్గర అడగొచ్చు. భారతీయ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు షెంగెన్ వీసా తప్పదు, దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదో హెచ్-4 (హెచ్-1బీ లాంటి వీసాల మీద పనిచేసేవాళ్ళ కుటుంబసభ్యుల) వీసా మీదో ఉన్నవాళ్ళకు అసలు గండం తిరిగి వచ్చేటప్పుడు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు ఉందా లేదా అని టికెట్టు కొనకముందే చూసుకోవాలి. సేవ చేయడానికి వెళ్ళి చదువు మధ్యలో ఇరుక్కుపోకూడదు.

మా మేనకోడలికి డబ్బు ఇబ్బంది లేదు, అమెరికా పాస్‌పోర్టు ఉంది, ఆదివారం సంఘంలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. దానికి హౌసే మేలని చెప్పాను. మా అన్నయ్యకు గార్మిష్ నచ్చింది, జీతం వస్తుంది, హోటల్ కాబట్టి భద్రం అంటాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ మేనకోడలు సైనికుల్ని తెలుసుకోవాలని అడిగింది, సైనికులకు బిల్లు ఇవ్వాలని కాదు. ఒక మనిషిని రెండోసారి, మూడోసారి చూడగలిగే చోటుకు పంపుదామన్నాను. ఆ ఇంటివాళ్ళతో వీడియో కాల్‌లో మాట్లాడించాను, మెట్ల నియమం గురించీ, వారానికో రోజు సెలవు గురించీ అన్నయ్యే స్వయంగా అడిగాడు.

నిన్న రాత్రి అది మళ్ళీ ఫోన్ చేసింది. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళనా అంది. వద్దన్నాను, మన 120 వోల్టుల కుక్కర్ అక్కడి 230కి మాడిపోతుంది, పెద్ద గిన్నెలో గంజి వార్చడం నేర్చుకో అన్నాను. బియ్యం గంట దూరంలో నురేంబర్గ్ ఆసియా దుకాణంలో దొరుకుతుంది. చింతపండు, ఆవాలు, ఇంగువ మాత్రం ఇక్కడి నుంచే. మూడు కిలోల బియ్యం పులిహోరకు చింతపండు ఎంత పడుతుందని అడిగింది. మూడు వందల గ్రాములు.