పిల్లల కాలేజీ రికార్డులు చూడాలంటే ఏది మేలు: సమ్మతి ఫారమా, పన్ను కాగితమా, పాస్‌వర్డా?

ఆగస్టు నెల వచ్చిందంటే మా బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి, అమెరికాలో చదువుతున్న తమ పిల్లల మార్కులు, ఫీజు బకాయిలు యూనివర్సిటీ వారు తమకు ఎందుకు చెప్పడం లేదని అడుగుతారు. కిందటేడు గుంటూరు నుంచి మా అక్క అడిగిన తీరు నాకు ఇంకా గుర్తుంది. "పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టింది మేము. వాడు ఈ సెమిస్టరులో చేరాడో లేదో మాకు చెప్పడానికి వాళ్లకేం అడ్డమే?" అంది. రాత్రి చాలా పొద్దుపోయేదాకా మేలుకొని రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, విద్యార్థి అనుమతి లేకుండా ఏమీ చెప్పలేమన్నారట. అదే నెలలో మా అమ్మాయి ఇక్కడే, అమెరికాలో, కాలేజీలో చేరింది కనుక, ఆ ప్రశ్నకు నేను నా ఇంటికోసం కూడా జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే అమెరికా చట్టం ఫెర్పా 1974 నాటిదని, పద్దెనిమిదేళ్లు నిండినా, అంతకు ముందే కాలేజీలో చేరినా, తల్లిదండ్రులకున్న హక్కులు విద్యార్థికి బదిలీ అవుతాయని మీలో చాలామందికి తెలుసు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవారికీ ఇదే వర్తిస్తుంది. ఫీజు ఎవరు కట్టారన్నది చట్టం లెక్కలోకి తీసుకోదు. అంతగా తెలియని సంగతి ఒకటుంది. విద్యార్థి తన రికార్డు చూస్తానని అడిగితే 45 రోజుల్లోగా చూపించడం కాలేజీ విధి. తల్లిదండ్రుల విషయానికి వచ్చేసరికి, చట్టంలో ఉన్న మినహాయింపులన్నీ కాలేజీ "చెప్పవచ్చు" అనే దగ్గర ఆగిపోతాయి, "చెప్పి తీరాలి" అని ఎక్కడా అనవు. ఏ దారి ఎంచుకున్నా ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

మొదటిది పన్ను కాగితం. విద్యార్థిని తల్లిదండ్రులు అమెరికా ఆదాయపు పన్ను చట్టంలోని 152వ సెక్షన్ కింద డిపెండెంటుగా, అంటే తమపై ఆధారపడిన వ్యక్తిగా చూపుతున్నట్లయితే, విద్యార్థి సంతకం లేకుండానే వారికి రికార్డు చూపే వెసులుబాటు కాలేజీకి ఉంది. ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు పన్ను రిటర్నులో డిపెండెంట్ల పేర్లున్న పేజీ చూపి అడగవచ్చు. పిల్లవాడు మాట్లాడటమే మానేసినప్పుడు, ఏం జరుగుతోందో తెలియక తల్లి తల్లడిల్లుతున్నప్పుడు ఈ దారి విలువైనదే, దాన్ని నేను కాదనను. అయితే ఇది గుంటూరులోనో ఖమ్మంలోనో ఉంటూ అక్కడే పన్ను కట్టే తల్లిదండ్రులకు పనికిరాదు, కాబట్టి ఎంఎస్ కోసం వచ్చిన పిల్లల ఇళ్లలో దీని గురించి చర్చే అక్కరలేదు. పనికొచ్చే ఇళ్లలోనూ నాకు దీనితో ఒక ఇబ్బంది ఉంది. తనను అడగకుండా తన రికార్డు అమ్మానాన్నలు తెప్పించుకున్నారని పిల్లకు తర్వాతెప్పుడో తెలిస్తే, ఆ తరువాత ఆమె మనకు తనంతట తాను ఏం చెబుతుందన్నది నేను ముందే ఆలోచించుకున్నాను.

రెండోది పాస్‌వర్డ్. మన ఇళ్లలో ఎక్కువగా నడుస్తున్నది ఇదే. ఊళ్లో హాల్ టికెట్ నంబరు తెలిస్తే చుట్టుపక్కల వాళ్లు కూడా మన ఫలితం చూసేసే అలవాటులో పెరిగిన మనకు, కొడుకు లాగిన్ తండ్రి చేతిలో ఉండటం తప్పుగా అనిపించదు. అక్క కొడుకు కూడా గొడవ ఎందుకని పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. లాగిన్ అయిన ప్రతిసారీ వాడి ఫోనుకు కోడ్ రావాలి, వాడు దాన్ని వాట్సాప్‌లో పంపాలి. ఒక రోజు బావగారు ఫీజు చూద్దామని లోపలికి వెళ్లి, ఒక కోర్సు పక్కన ఎర్ర అక్షరాల్లో ఏదో హెచ్చరిక కనిపిస్తే, దాన్ని తీసేస్తే హెచ్చరిక పోతుందనుకొని "డ్రాప్" అన్న బటన్ నొక్కారు. కోర్సు జాబితాలోంచి పోయింది. మర్నాడు పొద్దున ఈమెయిల్ చూసుకున్న పిల్లవాడికి గుండె ఆగినంత పనయింది. ఎఫ్-1 విద్యార్థి డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) ముందస్తు అనుమతి లేకుండా పూర్తికాలపు క్రెడిట్ల కంటే తగ్గితే వీసా స్థితికే ముప్పు. కోర్సులు చేర్చుకునే గడువు ఇంకా ముగియలేదు, తరగతిలో ఖాళీ ఉంది కాబట్టి ఆ రోజే మళ్లీ చేరగలిగాడు.

ఇందులో బావగారిది ఉద్దేశపూర్వకమైన తప్పు కాదు, మంచి మనసుతో చేసిన పనే. అయినా ఆ లాగిన్‌లో మార్కులు ఒక్కటే ఉండవు. కోర్సులు తీసేయడం, రీఫండ్ వేసే బ్యాంకు ఖాతా మార్చడం, ప్రొఫెసరుతో నడిచిన ఉత్తరాలు చదవడం అన్నీ ఆ ఒక్క తాళంతోనే తెరుచుకుంటాయి. దానితో ఎవరు ఏం చేసినా విద్యార్థే చేసినట్టుగా యూనివర్సిటీ కంప్యూటర్లో నమోదవుతుంది. పాస్‌వర్డ్ ఇతరులకు ఇవ్వకూడదనే నియమం సాధారణంగా అన్ని యూనివర్సిటీల్లోనూ ఉంటుంది కనుక, "అది మా నాన్న చేశారు" అని చెప్పుకోవడం కూడా తప్పును ఒప్పుకోవడమే అవుతుంది.

మూడోది విద్యార్థి స్వయంగా సంతకం చేసి ఇచ్చే సమ్మతి ఫారం. ఏ రికార్డులు, ఏ అవసరం కోసం, ఎవరికి చూపవచ్చో అందులో రాసి ఉండాలి, సంతకం, తేదీ ఉండాలి. ఇప్పుడు చాలా చోట్ల దీన్ని ఆన్‌లైన్‌లోనే నింపవచ్చు. నా దృష్టిలో ఏది మేలన్నది తేల్చే విషయం ఒక్కటే: ఇచ్చినదాన్ని కొలిచి ఇవ్వగలగాలి, వద్దనుకున్నప్పుడు వెనక్కి తీసుకోగలగాలి. పన్ను కాగితానికి పిల్లల మాటతో పని లేదు. పాస్‌వర్డుకు కొలత లేదు. అందులోంచి ఫీజు వివరం ఒక్కటి విడదీసి ఇవ్వడం కుదరదు. సమ్మతి ఫారంలో రెండూ కుదురుతాయి, రద్దు చేయాలనుకుంటే పిల్లలు రాసి ఇస్తే చాలు, ఆ రోజు నుంచి ఆగిపోతుంది.

మా అమ్మాయి ఈ ఫారం వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని నింపింది. ఫీజు ఖాతా, ఆర్థిక సహాయం, రిజిస్ట్రేషన్, మార్కులు, క్రమశిక్షణ అని ఐదు గడులున్నాయి. మొదటి మూడింటికి టిక్ పెట్టి, నాలుగో దాని దగ్గర ఆగి, నా ముఖం వైపు చూసింది. "అమ్మా, మార్కులు నేనే చెప్తాను, వాళ్లను అడగొద్దు," అంది. నాకు కష్టంగానే అనిపించింది. పన్నెండో తరగతి దాకా ప్రతి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టిన చేయి నాది. అయినా ఆ మాట నా ఎదురుగా, నా కళ్లలోకి చూస్తూ అడిగింది కాబట్టి సరేనన్నాను. తరువాత ఫోన్లో నన్ను గుర్తుపట్టడానికి ఒక రహస్య పదం పెట్టమంటే, మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని మాట ఒకటి పెట్టింది. నేను ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడల్లా ఆ పదం ఒక్కో అక్షరం చొప్పున చెబుతాను.

ఈ దారికీ ఒక పెద్ద లోటుంది, దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. పిల్లలు సంతకం పెట్టనంటే ఫారం లేదు. పైగా సంతకం ఉన్నా మూడో వ్యక్తికి చూపడం కాలేజీ ఇష్టానికే వదిలింది చట్టం. నిజంగా ఆపద వచ్చినప్పుడు ఎలా అని భయపడేవారు మాత్రం ఒకటి గమనించాలి. విద్యార్థి ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు ఏ సమ్మతీ లేకుండానే తల్లిదండ్రులకు చెప్పే వీలు చట్టంలో ఉంది; 2007లో వర్జీనియా టెక్‌లో జరిగిన కాల్పుల తరువాత, 2008లో ఆ నిబంధనను మరింత స్పష్టం చేశారు. ఇరవై ఒక్క ఏళ్లు నిండని విద్యార్థి మద్యం, మాదకద్రవ్యాల నియమాలు ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకు తెలియజేసే వీలును 1998లోనే కల్పించారు. కాబట్టి ఆ భయంతో పాస్‌వర్డ్ అడగవలసిన పని లేదు. అత్యవసర సమయంలో పిలవవలసిన వారి జాబితాలో మీ నంబరు +91 కోడ్‌తో సహా ఉందో లేదో పిల్లలను అడిగి చూసుకోండి.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కొన్ని యూనివర్సిటీలు తల్లిదండ్రులకు వేరే లాగిన్ ఇస్తాయి. అది సమ్మతి ఫారానికి మరో రూపమే, ఉంటే తప్పక వాడుకోండి. సెమిస్టరు చివర ట్రాన్‌స్క్రిప్ట్ దింపి పంపమనడం మార్కుల వరకు సరిపోతుంది. యూనివర్సిటీ క్లినిక్‌లో జరిగే వైద్యం వివరాలు మాత్రం వీటిలో దేనిలోకీ రావు, వాటికి క్లినిక్ వారి ఫారం విడిగా నింపాలి.

అక్క కొడుకు సెప్టెంబరులో పాస్‌వర్డ్ మార్చుకొని, ఫీజు, రిజిస్ట్రేషన్ వరకు సమ్మతి ఫారం నింపాడు. రహస్య పదంగా వాళ్ల పొలానికి ఉన్న పాత పేరు పెట్టాడట. జనవరిలో అక్క మళ్లీ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ పేరు చెబితే, పిల్లవాడు స్ప్రింగ్ సెమిస్టరులో చేరాడని, ఖాతాలో బకాయి ఏమీ లేదని చెప్పారు. ఆ సంగతి నాకు చెప్పడానికి, ఇక్కడ ఆఫీసు వేళ అని కూడా చూడకుండా, అప్పటికప్పుడే ఫోన్ చేసింది.