ఎంటీ-07, ఎంటీ-09: ఎక్కువ డబ్బు పెడితే ఏం వస్తుంది?

యమహా ఎంటీ-07ది 689 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్. పవర్ సుమారు 73 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). ఎంటీ-09ది 890 సీసీ, మూడు సిలిండర్లు, 119 పీఎస్. తేడా పెద్దదే. కానీ ఇలా ముందు గాలి ఆపే కవచం లేని నేకెడ్ బైక్ మీద వేగం పెరిగేకొద్దీ గాలంతా ఛాతీకే కొడుతుంది కాబట్టి, ఆ అదనపు పవర్‌ని ఎక్కువసేపు వాడలేం. రోజూ కావాల్సింది తక్కువ ఆర్‌పీఎంలో లాగే బలం. అది 07లో పుష్కలం, బరువూ తక్కువే.

2021 నుంచి 09లో బండి వంగినప్పుడూ పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వెనక చక్రం జారకుండా చూసేది), ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) ఉన్నాయి. నా దృష్టిలో అదనపు డబ్బు పెట్టాల్సింది వీటికే, హార్స్‌పవర్‌కి కాదు. మలుపుల రోడ్లలో ఎక్కువ తిరిగే అనుభవం ఉన్నవాళ్లకి ఆ ధర న్యాయమే.

మొదటి పెద్ద బైక్ అయితే మాత్రం 07 తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, జాకెట్ కొనుక్కోండి.