మిరప వైరస్ పరీక్ష: గుంటూరు ల్యాబ్ రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చు?

మిరపలో ఆకు ముడుచుకుంటే చాలు, జెమినీ (ఆకుముడత తెచ్చే వైరస్‌ల కుటుంబం) అనేస్తారు. గుంటూరులో నర్సరీలకూ రైతులకూ వైరస్ పరీక్షలు చేసే ఈ ప్రైవేటు ల్యాబ్‌లో మాకు బాగా నచ్చింది ముందుగా ఆకును భూతద్దం కింద పెట్టి చూడడం. ఆకు అంచులు పైకి పడవలా లేచి, అడుగున తామర పురుగులు కనిపిస్తే అది పై ముడత. కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి వల్ల వచ్చిన కింది ముడత. ఈ రెండింటికీ పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పెంచి పట్టే పరీక్ష) దండగని అక్కడే చెప్పి పంపేస్తారు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ముంచెత్తాక ఇలా చూసి చెప్పేవాళ్లు మరీ అవసరమయ్యారు.

శాంపిల్ విషయంలో మాత్రం రైతుకు ముందే చెప్పాల్సినవి చెప్పడం లేదు. ముదురు ఆకు వద్దు, దాంట్లోని పాలీఫినాల్స్ పీసీఆర్‌ను ఆపేస్తాయి. చివర్లలోని లేత ఆకులు 4–5 తీసుకుని, పొడి టిష్యూలో చుట్టి, జిప్ కవర్లో వేసి ఐస్ పెట్టెలో తేవాలి. తడిగా మూటగడితే కుళ్లిపోతాయి. మొక్కకో కవరు పెట్టాలి. పది మొక్కల ఆకులు కలిపి రుబ్బితే రెండు వైరస్‌లు ఒకే మొక్కలో ఉన్నాయా, వేర్వేరు మొక్కల్లోనా అన్నది తేలదు. ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకు కూడా ఒకటి ఇవ్వండి. "నెగెటివ్" అని వస్తే పరీక్ష అసలు పనిచేసిందో లేదో తేల్చడానికి మొక్క సొంత జన్యువుతో కంట్రోల్ పెట్టారా, డీఎన్ఏను 10 రెట్లు పలచన చేసి మళ్లీ చూశారా అని అడగండి.

ఇక వైరస్‌ను గుర్తించే పని. తామర పురుగులు మోసే టాస్పో వైరస్‌ల దగ్గర వీళ్లు సరిగ్గా చేస్తున్నారు. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చే వైరస్, క్యాప్సికం క్లోరోసిస్ వైరస్ రెండూ మిరప మీదకొస్తాయి, రెండూ ఒకే సీరోగ్రూపువి (యాంటీబాడీలకు ఒకేలా స్పందించే గుంపు). అందుకే యాంటీబాడీ పరీక్ష స్ట్రిప్ మీద గీత పడినా రెండింటిలో ఏదన్నది తేలకపోవచ్చు. ల్యాబ్ అక్కడ ఆగకుండా వైరస్ ఎన్ జన్యువులోని సుమారు 830 బేస్‌లూ (జన్యువు అక్షరాలు) చదివి, ప్రోటీన్‌లో 90 శాతం పోలిక గీటురాయిగా పేరు పెడుతోంది. ఈ పద్ధతి సబబే.

చిక్కల్లా ఆకుముడత వైరస్ దగ్గర. వైరస్ పైతొడుగు తయారుచేసే కోటు ప్రోటీన్ జన్యువులో 500 పైచిలుకు బేస్‌ల ముక్క చదివి "ఫలానా స్ట్రెయిన్" (జాతిలోని ఉపరకం) అని రిపోర్టులో రాసేస్తున్నారు. ఇది ఒప్పుకోదగ్గది కాదు. ఈ ముడత తెచ్చే బెగోమో వైరస్‌లలో (తెల్లదోమ మోసే జెమినీ వైరస్‌లు) అన్నిటికంటే తక్కువ మారేది ఆ జన్యువే. పైగా ఒక వైరస్ ముక్క ఇంకోదానిలో చేరిపోవడం వీటిలో మామూలు. అంతర్జాతీయ వర్గీకరణ లెక్క ప్రకారం సుమారు 2,700 బేస్‌ల డీఎన్ఏ-ఏ (వైరస్ ప్రధాన డీఎన్ఏ) మొత్తాన్ని పోల్చాలి: 91 శాతం దాటితే అదే జాతి, 94 దాటితే అదే స్ట్రెయిన్. దానికి ఫై29 ఎంజైమ్‌తో వలయ డీఎన్ఏను పెంచి, కోసి, పూర్తిగా సీక్వెన్స్ చేయాలి. చిన్న ముక్కతో "బెగోమో ఉంది" అని రాస్తే చాలు, అంతకు మించి రాయకూడదు. ముడత తీవ్రతను పెంచే సుమారు 1,350 బేస్‌ల బీటాశాటిలైట్‌కు (బెగోమోతో పాటు ఉండే చిన్న డీఎన్ఏ) పరీక్షే లేదు, అది పెద్ద లోటు.

కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ను ఒకటి, రెండు ఉపగుంపులుగా విడదీస్తున్నారు. వాటి మధ్య పోలిక 75 శాతం చుట్టూనే కాబట్టి పొరబడే అవకాశం తక్కువ.  

నర్సరీ యజమానికి స్ట్రెయిన్ పేరు అక్కర్లేదు, ఏ గుంపో తెలిస్తే పని జరుగుతుంది. బెగోమో అయితే నారుమడికి సన్నకన్ను వల, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు. మొజాయిక్‌ను పేనుబంక నిమిషాల్లోనే అంటిస్తుంది, మందు కొట్టినా ఆగదు. చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు వేయాలి. టొబామో (పొగాకు మొజాయిక్ లాంటి వైరస్‌లు) అయితే విత్తనం నుంచే వస్తుంది: లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి కిలో గింజల్ని 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి.

గుంపు తేల్చుకోవడానికి ఈ ల్యాబ్‌కు ధైర్యంగా వెళ్లవచ్చు. తట్టుకునే వంగడాలు తయారుచేసే విత్తన కంపెనీలు మాత్రం పూర్తి డీఎన్ఏ-ఏ చదివి, క్రోమటోగ్రామ్ ఫైళ్లు (సీక్వెన్స్ యంత్రం ఇచ్చే అసలు గీతలు) చేతికిస్తామని రాసిచ్చాకే డబ్బు కట్టాలి.