మిర్చి యార్డులో గాలెరా క్లస్టర్: నాలుగు సీజన్ల తర్వాత

మావి మూడు మిషన్లు. ఒకటి వరంగల్ ఎనుమాముల యార్డులోని అడ్తి (కమీషన్) దుకాణంలో, ఒకటి కోల్డ్ స్టోరేజీలో, ఇంకొకటి హన్మకొండ ఆఫీసులో. మూడింటిలోనూ మరియాడీబీ అనే డేటాబేస్, దాని మీద గాలెరా. మూడు మిషన్లలోనూ ఒకే డేటా ఉండేలా వాటిని ఒక జట్టుగా, అంటే క్లస్టర్‌గా, కలిపేది ఇదే. నాలుగు మిర్చి సీజన్లుగా వాటిని చూసుకునేది నేనే. ఎట్ల పెట్టుకోవాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, ఆ సంగతి వదిలేస్తా. గాలెరా తన స్థితి రాసుకునే గ్రాస్టేట్ ఫైల్లో సేఫ్_టు_బూట్‌స్ట్రాప్ అని ఒక లైను ఉంటుంది. ఈ మిషన్ నుంచి క్లస్టర్‌ను మళ్లీ మొదలుపెట్టొచ్చు అంటే ఒకటి, వద్దు అంటే సున్నా. దాని పక్కనుండే సున్నా మీద నాకున్నంత ప్రేమ ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇంక దేని మీదా లేదు.

నిరుడు ఏప్రిల్. యార్డు నిండా బస్తాలు, సాయంత్రం గాలివాన. ఆఫీసులో కరెంటు పోయింది, యూపీఎస్ ఇరవై నిమిషాలు ఆపి చేతులెత్తేసింది. దుకాణంలో ఇన్వర్టర్ ఉంది. సరుకు తడవకముందే తూయాలని దడవాయిలు టార్చిలైట్ల వెలుగులో కాంటాలు వేస్తూనే ఉన్నారు, గుమాస్తా తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, డబ్బుల లెక్క చీటీలు) కొడుతూనే ఉన్నాడు. మూడింట రెండు నడుస్తున్నాయి కాబట్టి క్లస్టర్ ఆగలేదు. ఏడున్నరకు కరెంటు ఒక్కసారి వచ్చి పోయిన దెబ్బకు దుకాణం మిషన్‌కు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. కోల్డ్ స్టోరేజీది ఒంటరిదైంది. సగం కన్నా ఎక్కువ బలగం లేకుంటే గాలెరా రాతలు (కొత్త ఎంట్రీలు) తీసుకోదు, అదీ ఆపేసింది. అర్ధరాత్రి అక్కడా కరెంటు పోయింది.

తెల్లారి రెండు మిషన్లు ఆన్ అయ్యాయి గానీ డేటాబేస్ లేవలేదు. చివరిసారి తమతో ఏయే మిషన్లున్నాయో అవి ఇంకో ఫైల్లో రాసి పెట్టుకుంటాయి. అవన్నీ తిరిగొస్తే ఎవరూ చెయ్యి పెట్టకుండానే కలుస్తాయి. దుకాణం మిషన్ వచ్చేది లేదు, ఇవి దాని కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఆగిపోతున్నాయి. అంతలో గుమాస్తా ఫోను. "అన్నా, ఇంకాసేపట్ల జెండా పాట మొదలైతది. నిన్న తూకమైన రైతులు పైసల కోసం కూసున్నరు. తక్‌పట్టీలు ఎట్ల తియ్యాలె?" జెండా పాటంటే యార్డులో పొద్దున జరిగే వేలం.

నేనున్నది ఆఫీసులో. ఎదురుగా ఉన్న మిషన్ నుంచే కొత్త క్లస్టర్ మొదలుపెట్టబోయా. గాలెరా ఒప్పుకోలేదు. క్లస్టర్‌ను చివరగా వదిలింది ఈ మిషన్ కాదు, అప్‌డేట్లన్నీ దీని దగ్గర ఉండకపోవచ్చు, అయినా కావాలంటే గ్రాస్టేట్ ఫైలు తెరిచి నువ్వే సున్నాను ఒకటి చేసుకో అంది. తెరిచా. కర్సర్ సున్నా పక్కనే ఉంది. అప్పుడు తట్టింది, నిన్న అన్నిటికన్నా ముందు పడిపోయింది ఇదే కదా అని.

అదే ఫైల్లో సీక్వెన్స్ నంబరు, అంటే ఎన్నో రాత దాకా వచ్చిందో చెప్పేది, చూస్తే మైనస్ 1. కరెంటు పోయి పడిపోయిన మిషన్‌లో అట్లనే ఉంటుంది. రికవర్ ఆప్షన్‌తో రెండుచోట్లా నడిపి అసలు నంబర్లు తీశా. ఆఫీసుది 88,214. కోల్డ్ స్టోరేజీది 88,377. తేడా 163 రాతలు, అన్నీ ఆ సాయంత్రం వానలో తూసిన బస్తాలవే. నేను తొందరపడి ఆఫీసుది లేపి ఉంటే ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడో, ఏ ధరకు పోయిందో తడిసిన చిట్టీల్లో వెతుక్కోవాల్సి వచ్చేది.

కోల్డ్ స్టోరేజీ మిషన్‌లో సున్నాను ఒకటి చేసి దాన్ని ముందు లేపా. ఆఫీసుది మామూలుగా స్టార్ట్ చేస్తే తనకు లేనివన్నీ తెచ్చుకుంది. నలభై నిమిషాల్లో గుమాస్తా ల్యాప్‌టాప్ నుంచి తక్‌పట్టీలు ప్రింటయ్యాయి.

అయితే ఆ సున్నా అన్నీ చెప్పదు. కరెంటు పోయి అన్నీ పడిపోతే అన్నింట్లోనూ సున్నాయే ఉంటుంది. తాజా డేటా ఎవరి దగ్గరుందో నంబర్లు పోల్చి మనిషే తేల్చాలి. ఆ రోజు నేను ఊళ్లో లేకుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుబులే. అందుకే ఆ కమాండ్లు వరసగా కాగితం మీద రాసి మూడు చోట్లా గోడకు అంటించా.

బిల్లు నంబర్ల గొడవ ఇంకొకటి. మూడు మిషన్లుంటే ఆటో ఇంక్రిమెంట్ (డేటాబేస్ తనంతట తానే వేసే నంబరు) మూడేసి దూకుతుంది: 1, 4, 7. జీఎస్టీ బిల్లుకు నంబర్లు వరసగా ఉండాలి. నంబర్ల కోసం వేరే టేబుల్ పెడితే, రెండుచోట్ల ఒకేసారి బిల్లు కొట్టినప్పుడు రెండూ ఢీకొని ఒకటి డెడ్‌లాక్ అనే ఎర్రర్‌తో తిరిగొచ్చేది. ఒకటికి మించి సిరీస్‌లు వాడటానికి నిబంధన ఒప్పుకుంటుంది కాబట్టి చోటుకొక సిరీస్ ఇచ్చి బయటపడ్డాం. ఇది మొదట్లోనే తెలిసి ఉంటే ఒక సీజన్ మనశ్శాంతిగా గడిచేది. వేగం కూడా నేను మొదట్లో అందరికీ చెప్పుకున్నంత లేదు. ప్రతి రాతా మిగతా మిషన్లకు చేరాకే ఖాయమవుతుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీలో ఇంటర్నెట్ నెమ్మదించిన రోజు దుకాణంలో సేవ్ బటన్ కూడా నెమ్మదిస్తుంది.

ఒక్క దుకాణం, ఒక్క కౌంటరు ఉన్నవాళ్లకు దీన్ని పెట్టుకోమని చెప్పను, రోజూ రాత్రి బ్యాకప్ తీసుకుంటే చాలు. మా సేటుకు మూడు చోట్ల నుంచీ రాతలు పడాలి, పిలిస్తే పావుగంటలో యార్డుకు చేరే దూరంలో నేనుంటా. ఈ రెండూ కుదిరాయి కాబట్టే మాకు నడుస్తోంది.