ఎన్‌పీటెల్ కోర్సులు: డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య దూరం ఎంత తగ్గింది?

నల్గొండకు దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తూ, చాలా సెమిస్టర్లుగా విద్యార్థుల చేత ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు చేయిస్తున్నాను. మనం తరగతిలో చెప్పేదానికీ, కంపెనీలు ఇంటర్వ్యూలో అడిగేదానికీ మధ్య ఉన్న దూరాన్ని అవి కొంత నిజంగానే తగ్గిస్తాయి. అయితే ఏ కోర్సు ఎంచుకున్నామన్న దానిపైనే అది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ పథకంలో పాఠాలు చూడడానికి ఏమీ కట్టనక్కరలేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకున్నవారే ఫీజు కడతారు. ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ కోర్సుల నుంచి, డిగ్రీకి కావలసిన క్రెడిట్లను 40 శాతం వరకు తీసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది కనుక, 12 వారాల శ్రమ డిగ్రీ లెక్కలోకి కూడా వస్తుంది.

నాకు బాగా నచ్చినది ప్రోగ్రాములు రాయించే కోర్సుల పద్ధతి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ వారి పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సులో మనం పంపిన ప్రోగ్రామును బయటికి కనిపించే టెస్ట్ కేసులతోనే (సరిచూడడానికి ఇచ్చే ఇన్‌పుట్లతోనే) కాక, దాచి ఉంచిన కేసులతో కూడా నడిపి చూస్తారు. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ప్రోగ్రాం కనిపించే కేసులన్నీ దాటి, దాచినవాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయింది. కూర్చుని చూస్తే, లిస్టు ఖాళీగా వస్తే ఏం చేయాలో ఆమె రాయలేదని తేలింది. మా ల్యాబులో అయితే ఒక్క అవుట్‌పుట్ సరిగా వస్తే చాలు, రికార్డులో సంతకం పడిపోతుంది. కంపెనీల కోడింగ్ పరీక్షలు కూడా ఇలా దాచిన కేసులతోనే వడపోస్తాయి కాబట్టి, ఈ అలవాటు విశ్వవిద్యాలయ ల్యాబు పరీక్షల్లోకి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తిస్తే సరిపోయే కోర్సుల గురించి ఇంత మంచిగా చెప్పలేను. తుది మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లవి, 75 శాతం పరీక్షవి. ఆ అసైన్‌మెంట్ల జవాబులేమో గడువు ముగియకముందే గ్రూపుల్లో తిరుగుతుంటాయి. క్రెడిట్ల కోసమే అలాంటివి ఎంచుకున్న విద్యార్థి సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఇంటర్వ్యూలో నిలబడలేకపోవడం నేను చూశాను, బాధపడ్డాను.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి వారాల్లో ఆంగ్ల ఉపన్యాసాల వేగం అందదు. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం దొరుకుతుంది, దానిని ముందే చదివించడం మేలు.

ఇతరులు రాసిన కోడ్ చదివి సరిదిద్దడం, కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనంలో నలుగురితో కలిసి పనిచేయడం, చేసినదాన్ని నోటితో వివరించడం నేను చేయించిన కోర్సుల్లో లేవు. అవి కళాశాలే నేర్పాలి. అందుకే రెండో సంవత్సరంలో ప్రోగ్రాములు రాయించే కోర్సు ఒక్కటే తీసుకోమంటున్నాను; వారానికి ఒక ల్యాబు పీరియడ్‌లో ఒకరి అసైన్‌మెంటును, గడువు దాటాక, పక్కవారి చేత చదివించి తప్పులు పట్టిస్తున్నాను.