బ్రిటిష్ పద్ధతి స్కూల్లో ఏడేళ్లు: నెల్లూరు నుంచి ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి 2017లో చెన్నై శివార్లలోని ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఇయర్ 7లో చేరింది. 2024లో ఇయర్ 13 పూర్తిచేసి బయటికి వచ్చింది. లాక్‌డౌన్ కాలం తప్ప మిగిలినదంతా హాస్టల్ చదువే. నెలకో ఆదివారం తెల్లవారుజామునే నెల్లూరులో రైలెక్కి, పాపను చూసి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లం. ఇప్పుడు మా వీధిలోనూ, బంధువుల్లోనూ కేంబ్రిడ్జి చదువు (ఇంగ్లండులోని కేంబ్రిడ్జి బోర్డు పాఠాలు, పరీక్షలు) గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. స్కూలు పేరు మాత్రం రాయను.

ముందు తరగతుల లెక్క చెబుతాను. ఇయర్ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మన తరగతి వస్తుంది. ఇయర్ 7 అంటే మన ఆరో తరగతి, ఇయర్ 11 అంటే పది, ఇయర్ 12, 13 అంటే ఇంటర్ రెండేళ్లు. ఇయర్ 7 నుంచి 9 వరకు లోయర్ సెకండరీ, 10, 11 ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి పరీక్షలాంటిది), ఆ తర్వాతి రెండేళ్లు ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది).

మొదటి మూడేళ్ల గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అందరూ అన్ని సబ్జెక్టులూ చదువుతారు. చివర్లో ఇంగ్లీషు, మ్యాథ్స్, సైన్సులో చెక్‌పాయింట్ పరీక్షలు ఉంటాయి. పిల్ల ఎక్కడ వెనకబడిందో వాటితో తెలుస్తుంది, అంతకు మించి భయపడాల్సిన పరీక్షలు కావవి. అప్పటిదాకా నెల్లూరులో జవాబులు కంఠస్థం చేసిన పిల్ల, "ఇది ఎందుకు అవుతుందమ్మా?" అని అడగడం నేర్చుకున్నది ఆ మూడేళ్లలోనే.

అసలు బరువైన నిర్ణయం ఇయర్ 9 చివర్లో వస్తుంది. పిల్ల వయసు అప్పటికి పదమూడో పద్నాలుగో. ఐజీసీఎస్ఈలో ఏమేం చదవాలో ఎంచుకోమని ఒక కాగితం ఇస్తారు. ఇంగ్లీషు, మ్యాథ్స్, ఏదో ఒక రూపంలో సైన్సు తప్పనిసరి. మిగతావన్నీ నిలువు వరుసల్లో ఉంటాయి, ఒక్కో వరుసలోంచి ఒకటే తీసుకోవాలి. ఒకే వరుసలో ఉన్న సబ్జెక్టులన్నిటికీ ఒకే పీరియడ్‌లో పాఠాలు జరుగుతాయి కాబట్టి రెండింటిని కోరుకున్నా కుదరదు. కేంబ్రిడ్జి జాబితాలో డెబ్భైకి పైగా సబ్జెక్టులు ఉంటే ఉండవచ్చు. మీ పిల్లకు దొరికేవి ఆ స్కూల్లో టీచర్లు ఉన్నవి, ఆ వరుసల్లో పట్టినవి మాత్రమే.

మాకు ఆ కాగితం వచ్చింది 2020 మార్చిలో. లాక్‌డౌన్ వల్ల తల్లిదండ్రుల సమావేశం రద్దయింది. ఫోనుకు వచ్చిన ఫారాన్ని మేమే చదివి, మేమే నింపి పంపాం. మా అమ్మాయికి చరిత్ర అంటే ప్రాణం. చరిత్ర తీసుకుంటే సైన్సులో మిగిలేది కంబైన్డ్ సైన్స్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ అందులో ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. మూడూ ఉంటాయి, నిజమే. కానీ మూడూ కలిపి ఒక్క సబ్జెక్టు కింద లెక్క, పాఠాలు కూడా ఆ మేరకు కుదించి ఉంటాయి. కోఆర్డినేటెడ్ సైన్సెస్ అయితే రెండు సబ్జెక్టులు, రెండు గ్రేడ్లు. విడివిడిగా చదివితే మూడు. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు.

ఇయర్ 10 ఇంటి నుంచే మొదలైంది. విడవలూరు దగ్గర మా తమ్ముడికి వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఆ ఏడాది ఒక చెరువుకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి పంటంతా పోయింది. మా అమ్మాయి మేనమామ వెంట గట్ల మీద తిరుగుతూ, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) చచ్చిన రొయ్యల పెంకు మీద తెల్లమచ్చలు చూసింది. పక్క చెరువుకు ఎందుకు రాలేదు, వైరస్ ఏ దారిన వస్తుంది అని రాత్రిళ్లు వెతుక్కుంది. దసరా నాటికి "అమ్మా, నేను బయాలజీ చదువుతాను" అంది. కంబైన్డ్ సైన్స్ చదివినవాళ్లకు ఏ-లెవెల్లో బయాలజీ ఇవ్వమని స్కూలు చెప్పింది. మూడు నెలలు మెయిళ్లు రాసి, బతిమాలి, 2021 జనవరిలో కోఆర్డినేటెడ్ సైన్సెస్‌కు మార్పించాం. అందుకు చరిత్ర వదిలేయాల్సి వచ్చింది. ఆ రోజు పిల్ల ఏడ్చింది. వెనకబడిన పాఠాలను ఎండాకాలం సెలవుల్లో కూర్చుని పూర్తిచేసింది. ఏది వదిలితే తర్వాత ఏ దారి మూసుకుపోతుందో ఆ ఫారంలో ఒక్క ముక్క రాసి ఉంటే పిల్లకు ఇంత యాతన ఉండేది కాదు. ఈ విషయంలో స్కూలును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మ్యాథ్స్‌లో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయిలున్నాయి. కోర్ పరీక్ష ఎంత బాగా రాసినా సి గ్రేడ్ దాటదు. ఆన్‌లైన్ పాఠాలప్పుడు మార్కులు తగ్గాయని మా అమ్మాయిని కోర్‌కు పంపుదామన్నారు. మేం ఒప్పుకోలేదు. ఎక్స్‌టెండెడ్‌లోనే రాసి బి తెచ్చుకుంది. ఆ రోజు సరే అని ఉంటే ఏ-లెవెల్లో మ్యాథ్స్ ఆశ వదులుకోవడమే.

ఏ-లెవెల్ రెండేళ్లూ నాకు ఎంతో నచ్చాయి. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, అంతే. మూడు సబ్జెక్టులేనా అని మా అత్తగారు కంగారుపడ్డారు గానీ ఆ మూడింటి లోతు చూస్తే అలా అనరు. ఇయర్ 12 చివర రాసే ఏఎస్ (ఏ-లెవెల్ మొదటి ఏడాది పరీక్షలు) మార్కులు మొత్తంలో సగం. బయాలజీలో పేపర్ 5 అని ఒకటుంది. ల్యాబ్ ఉండదు. ఒక ప్రయోగాన్ని ఎలా జరపాలో, ఏది మార్చి ఏది మార్చకుండా ఉంచాలో, వచ్చిన అంకెలను ఎలా నమ్మాలో కాగితం మీద రాయాలి. సెలవులకు వచ్చినప్పుడు మేనమామ చెరువు నీటి ఉప్పదనాన్నే ప్రశ్నగా పెట్టుకుని సాధన చేసేది. ఇప్పుడు బయోటెక్నాలజీ డిగ్రీ చదువుతోంది. ల్యాబ్ రికార్డు రాయడంలో ఇబ్బంది పడని కొద్దిమందిలో తానొకతె.

అయితే నీట్, జేఈఈ, ఈఏపీసెట్ మనసులో ఉంటే ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను. ఆ పరీక్షలకు పునాది ఎన్‌సీఈఆర్‌టీ, ఇంటర్ పాఠాలు. ఏ-లెవెల్ చదువుతూ వాటికి తయారవడం రెండు చదువులు చదవడమే. మన దేశంలో డిగ్రీలో చేరడానికి ఈ చదువు ఇంటర్‌కు సమానమని భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చే సమానత్వ పత్రం అడుగుతారు. దానికి ఐజీసీఎస్ఈలో ఇంగ్లీషుతో సహా ఐదు సబ్జెక్టుల్లో సి గ్రేడ్ కంటే తగ్గకూడదు. ఫీజు సంగతి చేరేముందే అడగండి. పరీక్ష ఫీజు సబ్జెక్టుకు ఇంత అని విడిగా కట్టాలి. రాసేది మార్చిలోనా, మే–జూన్‌లోనా అని కూడా అడగండి. జూన్ విడత ఫలితాలు ఆగస్టులో వస్తాయి. అప్పటికి ఇక్కడ చాలా కాలేజీల్లో సీట్లు నిండిపోతాయి.

మేం పోగొట్టుకున్నది తెలుగు. ఐజీసీఎస్ఈ జాబితాలో హిందీ ఉంది, తెలుగు లేదు. మా అమ్మ ప్రతి సెలవుల్లోనూ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వార్తాపత్రిక చదివించేది. అందుకే చదవగలుగుతోంది, నెమ్మదిగా. వత్తులు రాయాల్సి వస్తే ఇప్పటికీ ఆగిపోతుంది. ఏడో తరగతి దాకా ఇక్కడే చదివించి ఆ తర్వాత పంపి ఉండవలసింది అని నాకు తరచూ అనిపిస్తుంది.

పోయిన నెల కావలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి ఇయర్ 9లో ఉన్నాడు, ఆ కాగితం వచ్చింది. ఫొటో తీసి పంపమన్నాను. కోఆర్డినేటెడ్ సైన్సెస్ ఉన్న వరుసలోనే ఆర్ట్ ఉంది, వాడికి బొమ్మలంటే ఇష్టం. ఈ ఆదివారం వాణ్ని తీసుకుని మా ఇంటికి రమ్మన్నాను. మా అమ్మాయి కూడా సెలవుకు వస్తోంది, వాడితో తనే మాట్లాడుతుంది.